పొలిమేర బురద

జ్యేష్ఠ బహుళ పంచమి, గురువారం, పొద్దున ఏడు గంటల వేళ. ఎద్దుల ఊరు మేపుపాలెంలో నందప్ప తన వాకిట్లో మట్టి తవ్వి గంపకెత్తుకున్నాడు. అవతల గాడిదల ఊరు మోతవాడలో గంగులు కూడా సరిగ్గా అదే పని చేస్తున్నాడు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఏటా వానలకు ముందు ఏనుగు దొర తన మందచేత పది రోజులు రాళ్లు పరిపించేవాడు. ఒక్క దారికే సుమా! ఏ దారి బాగుపడాలో ఆ దారి మట్టి తెచ్చి ఆయన ముందు పెట్టాలి. ఆయన తొండంతో తాకి చూసి తీర్పు చెప్పేవాడు.

ఆ రెండు ఊళ్లకూ కలిపి దారి ఒకటే. ఊళ్ల దగ్గర బాగానే ఉంటుంది గానీ, నడుమ పొలిమేరలో పెద్ద బురదగుంట. మాది కాదంటే మాది కాదని రెండు ఊళ్లవాళ్లూ దాన్ని వదిలేశారు. పోయినేడు నందప్ప కూతురు కపిల తొలికాన్పు నొప్పులు పడుతుంటే, మోతవాడ మంత్రసాని సూరమ్మ ఆ గుంటలో దిగబడి పూటంతా అక్కడే ఉండిపోయింది. దూడ దక్కలేదు. ఇప్పుడు కపిలకు మళ్లీ నెలలు నిండాయి.

ఆ బురద వల్ల బాగుపడింది నక్క పేరయ్య ఒక్కడే. గట్టు మీదుగా అతనికో సన్నని కాలిబాట ఉంది. ఎండ రోజుల్లో మూటలు దాటించి అందులో నాలుగో వంతు తీసుకుంటాడు. వాన పడితే ఆ బాట మీద తనే నడవడు. ముందు రోజే వచ్చి నందప్ప చెవిలో ఊదాడు.

"దొరగారి ముందుకు బురద పట్టుకెళ్తావుటయ్యా? పరువేం కావాలి? శుభ్రంగా నీ వాకిట మట్టి తీసుకెళ్లు. ఆ గాడిదలు నిన్ను చూసి నవ్వకుండా ఉంటాయి."

మోతవాడకు వెళ్లి గంగులుకూ ఇదే చెప్పాడు. అక్కడ నవ్వేది ఎద్దులు, అంతే తేడా.

ఏనుగు దొర రెండు గంపలూ తాకి చూశాడు. "రోజూ ఊడ్చి కళ్లాపి చల్లిన నేలలా గట్టిగా ఉన్నాయే! వీటికి బాగుచేత ఎందుకు? ఇంకెవరైనా మట్టి తెస్తారేమో పొద్దు వాలేదాకా చూస్తాను, ఆపైన కుందేళ్ల దారికి పోతాం."

ఇద్దరూ బయటికొచ్చి చెరో వైపు తిరిగి నిలబడ్డారు.

"నువ్వు పోటీకి రాకుంటే నాకే వచ్చేది," అన్నాడు నందప్ప.

"ఆహా, నీ మట్టి చూసి దొర మురిసిపోయాడు మరి! అసలు వాకిట మట్టి తెమ్మని నీకెవడు చెప్పాడు?"

"పేరయ్య. నీకో?"

గంగులు చెవులు రెండూ నిక్కాయి. "ఆ పేరయ్యే."

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగారు. తర్వాత గంగులే నెమ్మదిగా అన్నాడు. "సూరమ్మ మా మేనత్త. ఆనాటి నుంచీ మీ ఊరి వైపు తలెత్తి చూడలేకపోతోంది. ఆ గుంట మీదేనని, మీరే పూడ్చుకోవాలని పంతం పట్టింది నేనే బావా."

"నేను మాత్రం తక్కువ తిన్నానా? మీదేనన్నాను." నందప్ప తన గంపలోని మట్టి పారబోశాడు. "పద, గంప అందుకో."

పొలిమేరకు పోయి, ఒక్క గంపే నింపి, కర్రకు కట్టి చెరో కొసా మోసుకొచ్చారు. దొర తొండం పెడితే సగం దాకా దిగిపోయింది.

"ఇది ఏ ఊరి మట్టి?"

"మా ఇద్దరిదీ!" అన్నారు ఒక్క గొంతుతో.

అక్కడే కాచుకుని ఉన్న పేరయ్య అడ్డం వచ్చాడు. "అబద్ధం దొరా! ఏదో నీటికుంటలోంచి తోడుకొచ్చారు. ఆ దారిన నేను రోజూ నడుస్తాను, గోరు కూడా తడవదు."

"అలాగా? మంచిది," అన్నాడు దొర. "అయితే ముందు నువ్వు నడువు పేరయ్యా. నీ వెనకే మేం వస్తాం."

పొలిమేర దగ్గర పేరయ్య గట్టు వైపు మళ్లబోయాడు. "అటు కాదు, దారి మీదే," అన్నాడు దొర. మూడో అడుగుకి పొట్ట మునిగింది, నాలుగో అడుగుకి మెడ.

"బాబోయ్, నందప్పా! గంగులూ! మీ కాళ్లు పట్టుకుంటానయ్యా!"

"పట్టుకోవడానికి నీ చేతులు పైకి రావాలిగా!" అంటూనే గంగులు తాడు విసిరాడు. ఇద్దరూ కలిసి లాగితే గాని నక్క ఒడ్డెక్కలేదు.

ఏనుగులు ఆ క్షణమే రాళ్లకు కదిలాయి. దీపాలవేళకి అడుగు మోపడానికి ఒక వరస పడింది. ఆ రాళ్ల మీదుగానే, మెల్లగా, సూరమ్మ కపిల దగ్గరికి వచ్చింది.

శుక్రవారం తెల్లవారేసరికి కపిల పక్కన తెల్లటి పెయ్యదూడ ఒకటి లేస్తూ పడుతూ ఉంది. నందప్ప ఇంటివాళ్లు పొద్దుకు దణ్ణం పెట్టుకుని, సూరమ్మ కాళ్లకు వేడినీళ్లు పోశారు. ఒళ్లంతా బురద అట్టకట్టి వాకిట్లో పడి ఉన్న పేరయ్య మీద మిగతా నీళ్లు కుమ్మరించారు. ఆ తర్వాత అతని నెత్తిన ఒక రాళ్ల గంప పెట్టి, తామూ తలో గంప ఎత్తుకుని పొలిమేరకు బయల్దేరారు.

ఎవరిదీ కాదని వదిలేసిన చోటే అందరి దారీ ఆగిపోతుంది.