ఊరి బోర్డు దాకా నెట్టు

దొంతల వారింట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అన్నారు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఒకసారి, సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ ఒకసారి అనుకునేవాళ్ళు. "ఊళ్ళో జనానికి ఒకటి చెబితే ఇంకోటి చేస్తార్రా. మనం అలాక్కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే!" అని పెద్దవాడు వీర్రాఘవులు అంటే, నడిపివాడు సింహాద్రి, చిన్నవాడు గవర్రాజు "అదే, అదే" అని తలలూపేవాళ్ళు. ముగ్గురికీ కలిపి ఒక ఇటుక బట్టీ, ఒక ట్రాక్టరు, ఒక చెల్లెలు. బూరుగుపేట ఊరి బోర్డు దాటి నలభై గజాలు వెళితే వాళ్ళ ఇల్లు.

చెల్లెలు ఇందుమతికి మాత్రం నిజంగానే బుర్ర ఉంది. ఆ ఇంట్లో అదెలా మొలిచిందో దేవుడికే తెలియాలి! రక్తపరీక్షలు చేసే చదువు చదివింది. విశాఖపట్నంలో ఓ పెద్దాసుపత్రి వాళ్ళు గురువారం పదకొండింటికి ఫోన్లోనే ముఖం చూసి ఇంటర్వ్యూ చేస్తామన్నారు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. మధ్యలో మాట తెగితే ఇంకొకళ్ళని పిలుస్తామని ముందే చెప్పేశారు. ఇలాంటి పిలుపు కోసం రెండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది పిల్ల. ఇంట్లో చూస్తే సిగ్నలు ఒక్క గీత. అదీ దాని బుద్ధి పుడితే వస్తుంది.

"నీకెందుకమ్మా భయం? మేం ముగ్గురం లేమూ?" అన్నాడు వీర్రాఘవులు. ఆ మాట విన్నాకే పిల్లకి అసలు భయం పట్టుకుంది.

ముందు సింహాద్రి బజారుకెళ్ళి, చెవిలో పెట్టుకునే తీగలేని బుడిపెలు కొనుక్కొచ్చాడు. కొట్టువాడు చెప్పాడట, "ఫోన్నుంచి ముప్పై అడుగుల దాకా వినపడుతుందండీ, అంతకు మించి పోకండి" అని. అంతే! ముప్పై అడుగులు కొలిచి కొబ్బరితాడు తెచ్చాడు. పరీక్షకని బుడిపెలు తన చెవుల్లో పెట్టుకుని, తాడు ఒక కొస ఇందుమతి ఫోనుకి కట్టాడు, రెండో కొస తన నడుముకి కట్టుకున్నాడు.

"ఇదేంటన్నయ్యా! తీగ లేకుండా ఉండాలనే కదా అవి కొన్నది?"

"తీగ ఎక్కడుందే? ఇది తాడు!"

ఇంతలో వీధికుక్క ఒకటి మొరిగింది. సింహాద్రికి కుక్కలంటే హడల్. లంఘించాడు. ఇంకేముంది, మంచం మీది ఫోను గాల్లోకి లేచి, గడప తన్నుకుని, ఇటుకల కుప్ప ఎక్కి దిగి, ఆయన వెనకాలే పెరడంతా తిరిగొచ్చింది. అద్దం పగిలింది. ప్రాణం మాత్రం మిగిలింది.

"ముప్పై దాటనిచ్చిందా చూడు! తాడు భలే గట్టిది!" అని మురిసిపోయాడు మహానుభావుడు.

తర్వాత వీర్రాఘవులు ఇంటికి నెట్టు పెట్టించాడు. కేబులు నాగేశు వచ్చి, బీరువా మీద చిన్న డబ్బా పెట్టి, "ఇల్లంతా వస్తుందండీ. గోడలు అడ్డులేకుండా చూసుకోండి, ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది" అని చెప్పి వెళ్ళాడు. ఇందుమతి ఫోను నొక్కి చూసింది. బొమ్మ అద్దంలా వచ్చింది. పిల్ల ఆ వారంలో మొదటిసారి నవ్వి, ఇంటర్వ్యూకి కట్టుకునే చీర ఇస్త్రీ చేసుకోవడానికి లోపలికెళ్ళింది. వెళ్ళకుండా ఉండాల్సింది.

"బీరువా ఎత్తెంతరా?" అన్నాడు సింహాద్రి.

"ఆరడుగులు," అన్నాడు గవర్రాజు.

"మన బట్టీ?"

"పద్దెనిమిది! పైగా చుట్టూ ఒక్క గోడ లేదు!"

అంతే, నిచ్చెన వేశారు. వైరు లాగారు. డబ్బాని బట్టీ నడినెత్తిన కూర్చోబెట్టారు. ఆ బట్టీకి ముందురోజే నిప్పు పెట్టారన్న సంగతి ముగ్గురికీ తెలుసు. పెట్టింది వాళ్ళే కదా! ఇందుమతి బయటికొచ్చేసరికి డబ్బా జీడిపాకంలా కారుతోంది.

"అన్నయ్యా! బట్టీ మండుతోంది!"

"మండితే మండనీవే. నాగేశు ఎత్తన్నాడు, గోడ వద్దన్నాడు. మంట సంగతి ఎత్తనేలేదు!"

నాగేశు వచ్చి చూసి, నెత్తి బాదుకుని, ఇంకో డబ్బా రావాలంటే పది రోజులన్నాడు. గురువారానికి ఉన్నది రెండు రోజులు. ఇందుమతి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ సాయంత్రమే మైకు కట్టిన ఆటో వచ్చింది. "బూరుగుపేట పురప్రజలారా! రేపట్నుంచి ఊరంతా తీగలేని నెట్టు! ఉచితం! ఈ బోర్డు నుంచి ఆ బోర్డు దాకా ఎక్కడ నిలబడ్డా వస్తుంది! వచ్చే ఏడు మండలమంతా! ఆ పై ఏడు జిల్లా అంతా!" నిజానికి ఊళ్ళో స్తంభాలకి ముందు మునిసిపాలిటీ ఛైర్మన్ గారి ఫొటోలు బిగించారు, తర్వాత డబ్బాలు బిగించారు, కరెంటు ఇవ్వాలన్న సంగతి ఆఖర్న గుర్తొచ్చింది. అయినా వచ్చిందంటే వచ్చింది.

ఇందుమతి ప్రాణం లేచొచ్చింది. "బోర్డు పక్కన టీ బడ్డీ దగ్గర స్తంభం ఉంది. అక్కడ కూర్చుని మాట్లాడేస్తాను."

"దొంతల వారి ఆడపిల్ల టీ బడ్డీలో కూర్చుని ఉద్యోగం అడుగుతుందా? పరువేం కాను!" అని లేచాడు వీర్రాఘవులు. లేచి, ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే చుట్టుపక్కల వాళ్ళు జాగ్రత్త పడాలి. "ఒరేయ్, నెట్టు ఎందాకా వస్తుందన్నార్రా?"

"ఊరి బోర్డు దాకా."

"మరి బోర్డే జరిగితే?"

"అన్నయ్యా, నీ బుర్రకి దిష్టి తీయాలి!" అని కాళ్ళ మీద పడిపోయాడు గవర్రాజు.

ఇంకేముంది! బుధవారం పొద్దున్నే గునపాలు తీసుకెళ్ళి బోర్డు పెకలించి, ట్రాక్టరు మీద వేసుకొచ్చి, ఇల్లు దాటాక పది గజాల అవతల పాతేశారు. ఇందుమతి తల పట్టుకుంది. "నెట్టు వచ్చేది స్తంభం నుంచి అన్నయ్యా, బోర్డు నుంచి కాదు!"

"ఊరే ఇక్కడిదాకా వచ్చాక నెట్టు రాకుండా ఎక్కడికి పోతుందే?"

ఇక్కడ నవ్వుతున్నారు కదూ? ఆగండి. మధ్యాహ్నం మునిసిపాలిటీ ఇంజనీరు టేపు పట్టుకుని పని కొలవడానికొచ్చాడు, వెంట కాంట్రాక్టరు. కాయితంలో 'బోర్డు నుంచి బోర్డు దాకా' అని ఉంది. కొలిస్తే ఆఖరి స్తంభానికీ బోర్డుకీ యాభై గజాల తేడా వచ్చింది.

"ఏమయ్యా! ఊరింకా ఉంది, నీ స్తంభాలు అయిపోయాయి!"

"నిన్న బోర్డు ఈ స్తంభం పక్కనే ఉందండీ!"

"అయితే నడిచెళ్ళిందంటావా? కాయితం అబద్ధం చెబుతుందా?"

కాంట్రాక్టరు టీ బడ్డీ దగ్గర స్తంభం పీకించి, తెచ్చి దొంతల వారి గుమ్మం ఎదురుగా పాతించాడు. ఇంజనీరు సంతకం పెట్టాడు. టీ బడ్డీ దగ్గర నెట్టు పోయింది, అది ఎవరికీ పట్టలేదు. ఈ ఇంజనీరూ, కాంట్రాక్టరూ చదువుకున్నవాళ్ళు, గుర్తుపెట్టుకోండి.

గురువారం పదకొండింటికి ఇందుమతి తన గదిలోనే కూర్చుంది. నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. మాట తెగలేదు, బొమ్మ ఆగలేదు. అడిగినవాటికల్లా టకటకా చెప్పింది. "సోమవారం వచ్చి చేరండి" అన్నారు అవతలివాళ్ళు. పిల్ల ఏడుస్తూ నవ్వింది. అన్నలు ఒకర్నొకరు కావలించుకున్నారు. అంతలోనే వీర్రాఘవులు ముఖం వాడిపోయింది.

"విశాఖపట్నం మన బోర్డుకి అవతల కదరా! మన నెట్టు అక్కడికి రాదు. ఇక పిల్ల గొంతు వినేదెలా?"

"అక్కడా నెట్టు ఉంటుంది అన్నయ్యా."

"అది వాళ్ళ ఊరి నెట్టమ్మా. వాళ్ళు వాళ్ళతో మాట్లాడుకోవడానికి!" అని పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు.

సోమవారం తొలి బస్సుకి ఇందుమతి వెళ్ళి చేరింది. తెల్లకోటు వేసుకుని మొదటి మనిషికి సూది గుచ్చబోతుంటే గేటు దగ్గర గోల వినిపించింది. కిటికీలోంచి చూస్తే ఏముంది, ట్రాక్టరు! గేటు పక్కనే బూరుగుపేట బోర్డు పాతుతున్నారు ముగ్గురన్నలు. ఆ వెనకాలే వ్యానులో స్తంభం వేసుకుని కాంట్రాక్టరు, టేపు పట్టుకుని ఇంజనీరు దిగుతున్నారు. బోర్డుకి 'ధన్యవాదములు, మళ్ళీ రండి' అన్న వైపు ఆసుపత్రికి తిరిగి ఉంది. చావు తప్పి ఇంటికెళుతున్న ముసలాయన అది చదివి కర్ర ఎత్తాడు.

వీళ్ళు ఎవరి అన్నలో తెలుసుకుని పెద్ద డాక్టరు గారు మండిపడుతూ వచ్చారు. "ఐదు నిమిషాల తర్వాత ఇది గేటు బయట కనపడిందా, ఆ అమ్మాయి ఉద్యోగం ఊడినట్టే!"

"గేటు బయట కనపడకూడదు, అంతే కదండీ?" అన్నాడు వీర్రాఘవులు ఎంతో వినయంగా.

అంతే. బోర్డు లేపి గేటు లోపలికి తెచ్చి, సరిగ్గా ఇందుమతి కిటికీ కింద పాతారు. వాచ్‌మన్ మునిసిపాలిటీ అన్న అక్షరాలు చూసి, సెల్యూట్ కొట్టి మరీ గేటు తీశాడు. డాక్టరు గారు కుర్చీలో కూలబడి, ఇందుమతిని పిలిచి, నీరసంగా అన్నారు: "అమ్మా, నువ్వు పనిమంతురాలివి. నిన్ను వదులుకోవాలని నాకు లేదు. ముందు వాళ్ళని ఊరికి పంపించు. వాళ్ళు ఊరెళితేనే నీ ఉద్యోగం."

ఇందుమతి పరుగెత్తి కిటికీలోంచి తల బయటపెట్టి, చేతులు జోడించింది. "అన్నయ్యా, మీకు దణ్ణం పెడతాను! ఇప్పుడే మన ఊరికెళ్ళిపోండి!"

ముగ్గురూ బోర్డు మీద 'బూరుగుపేట' అని చదివారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బోర్డు దాటి ఇవతలికొచ్చి, నేల మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని, సద్దిమూట విప్పారు.

"వచ్చేశామమ్మా!" అన్నాడు వీర్రాఘవులు.