కుదుపు లేని పల్లకీ

వెనకటికి కుందవరమని ఓ రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గాని, దాన్నేలే మార్తాండభూపతి డాబు మాత్రం కొండంత. పట్టాభిషేకమైన రాజు కాలు కోట బయట మట్టికి తగలకూడదని అక్కడి ఆచారం. ఈయన ఆ ఆచారాన్ని కోట లోపలికి కూడా తెచ్చుకున్నాడు. పడకగది నుంచి భోజనానికి వెళ్లాలన్నా పల్లకీ రావాల్సిందే.

అలా కూర్చుని కూర్చుని ఆయనకు నడుంనొప్పి పట్టుకుంది. ఆరునెలలైనా వదల్లేదు. నూనెలు రాశారు, పట్లు వేశారు, బూరుగుదూది పరుపులు ఒకటికి మూడు చేశారు. ఆస్థానవైద్యుడు అంతా నొక్కి చూసి, ఎముకలకేమీ కాలేదనీ, కదలిక లేక నడుం బిగుసుకుపోయిందనీ, రోజూ కొంచెం కొంచెంగా నడిస్తే సర్దుకుంటుందనీ చెప్పాడు. రాజపాదాన్ని మట్టిలో పెట్టమంటావా అని రాజు మండిపడేసరికి పాపం వైద్యుడు మందుల సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

తప్పు ఎవరో ఒకరిది కావాలి కదా. బోయీల కుదుపుల వల్లే ఈ నొప్పి అని రాజు తేల్చేశాడు. బోయీలంతా పెళ్లాంబిడ్డలతో మూడు రోజుల్లో పొలిమేర దాటాలన్నాడు.

బోయీల పెద్ద సింగన్న ముప్పయ్యేళ్లుగా పల్లకీ మోస్తున్నవాడు. వైద్యుడి మాటలు వాకిట్లో నిలబడి విన్నవాడు. అతను నిండుసభలో చేతులు కట్టుకుని, "ఏలినవారూ, కుదుపన్నదే లేని పల్లకీ చేయించి తెస్తాను. నలభై రోజులు రోజూ ఎక్కండి. ఒక్క కుదుపు తగిలినా మమ్మల్ని వెళ్లగొట్టండి" అన్నాడు. సరే ఎక్కుతానని రాజు అందరి ముందూ మాటిచ్చాడు.

మూడోనాడు పల్లకీ వచ్చింది. చుట్టూ నేలదాకా జీరాడే జరీ తెరలు. రాజు దర్జాగా లోపలికి కాలు పెట్టాడు. పాదానికి నేలే తగిలింది. పల్లకీకి అడుగున పలక లేదు.

"ఏదిరా పలక?" అని పళ్లు కొరికాడు రాజు.

"కుదుపంతా దానివల్లే ఏలినవారూ. తీసేశాం," అన్నాడు సింగన్న తెర పక్క నుంచి మెల్లగా.

ఇంతలో ఓహోం ఓహోం అంటూ పల్లకీ కదిలింది. బయట జనం బారులు తీరి దండాలు పెడుతున్నారు. కేక వేస్తే పరువు పోతుంది, ఆగితే పల్లకీ వెనక కర్ర నడుముకు తగులుతుంది. రాజు నడిచాడు. తిట్టుకుంటూ, మూలుగుతూ పూలతోట దాకా నడిచాడు. బోయీలు ఆయన అడుగు చూసి అడుగు వేశారు. నిండుసభలో ఇచ్చిన మాట కదా, మర్నాడూ ఎక్కక తప్పలేదు; ఇంకాస్త దూరం. రెండు వారాలు తిరిగేసరికి ఏటిగట్టు దాకా. ఇరవయ్యో రోజున మూలుగు ఆగింది. ముప్పయ్యో రోజున తెరల లోపలి నుంచి కూనిరాగం వినబడింది. మార్తాండభూపతి పాడగా కుందవరం వినడం అదే మొదలు.

నలభయ్యోనాడు రాజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. సభంతా నోరెళ్లబెట్టింది.

"సింగన్నా, రాజు కాలు మట్టికి తగిలించావు. దానికేం శిక్ష?" అని అడిగాడు.

"ఎవరైనా చూశారేమో అడగండి ఏలినవారూ. ఊరంతా పల్లకీ ఎక్కిన రాజుకే దండం పెట్టింది. కుదుపు తగిలిందో లేదో మాత్రం తమరే చెప్పాలి."

రాజు విరగబడి నవ్వాడు. నవ్వితే నడుం కలుక్కుమనకపోవడం ఆయనకే వింతగా ఉంది. బోయీలకు ఏటిపక్కన మాగాణి రాసిచ్చాడు. అంతటితో తనివి తీరక, తన పాత పల్లకీలో సింగన్నను ఇంటిదాకా ఊరేగించమన్నాడు.

సింగన్న చేతులు జోడించాడు. "మాగాణి కళ్లకద్దుకుని పుచ్చుకుంటాను. ఆ నడుంనొప్పి మాత్రం నాకొద్దు ఏలినవారూ. నడిచిపోతాను."

"అయితే పద, నేనూ వస్తాను," అన్నాడు రాజు.

ఆ సాయంత్రం కుందవరం వీధుల్లో రాజూ బోయీ పక్కపక్కన నడిచి వెళ్లారు. ఈసారి తెరలు లేవు.