నలుగురు మోస్తే ఎక్కే వంతెన

ఆ జూలో పల్లపు వైపు బోన్లలో ఉండే జంతువులకి వానాకాలం వస్తోందంటే గుండెల్లో రాయి పడేది. పక్కనున్న వాగు పొంగితే నీళ్లు నేరుగా వాటి మీదికే వచ్చేవి. కాపలావాళ్లు బోన్ల తలుపులు తీసి ఉంచేవారు గానీ, బురదలో పడి లేస్తూ దిబ్బ మీదికి చేరడం ఎవరి తిప్పలు వాళ్లవే. కుంటి దుప్పి అయితే పోయినేడు రెండు రోజులు మెడలోతు నీళ్లలో నిలబడే ఉంది.

అందుకే ఈసారి అన్నీ కూడబలుక్కుని, బోన్ల నుంచి దిబ్బ దాకా ఎత్తుగా చెక్క వంతెన కట్టుకుందామనుకున్నాయి. ప్లాను నక్క గీసింది, కోతులు కట్టాయి. తీరా చూస్తే మొదట్లోనే పద్నాలుగు మెట్లు!

"మరి నేనెలా ఎక్కను నాయనా?" కింది మెట్టు దగ్గరే ఆగిపోయి అడిగింది దుప్పి.

"వాలుగా కడితే మూడింతల చెక్క పడుతుంది పిన్నీ," అంది నక్క. "నీ ఒక్కదాని కోసం అంత ఎందుకు? నలుగురు కలిసి మోసుకెళ్తారులే."

"నలుగురు మోసేది ఎప్పుడో నాకు తెలుసులే. నీళ్లు ముంచుకొస్తుంటే నాకోసం ఆగేదెవరు?"

కోతులు పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాయి. పడమట మబ్బు కమ్ముతోంది. చెప్పొద్దూ, ఆ మబ్బు తలుచుకుంటే నాకే భయమేస్తుంది.

తాబేలు తాత మాత్రం నక్కని తెగ మెచ్చుకున్నాడు. "అబ్బో, ఏం బుర్ర అల్లుడూ నీది! రేపే ప్రారంభోత్సవం. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురితో మోయించి పైకెక్కిస్తాం."

నక్క ఉబ్బితబ్బిబ్బయింది. మర్నాడు నాలుగు కాళ్లూ కలిపి బిగించి శాలువా చుడుతున్నా కాదనలేదు. ఎలుగుబంటి, అడవిపంది, రెండు కోతులు కుర్చీ భుజానికెత్తుకున్నాయి. ఎనిమిదో మెట్టు మీద ఉండగా వాగు గట్టున తీతువు పిట్ట రెండుసార్లు అరిచింది.

ఆ జూలో తీతువు రెండుసార్లు అరిచిందంటే నీళ్లు గట్టు దాటాయనే. ఆ అరుపు విన్నాక ఎవరూ వెనక్కి చూడరు. మోసేవాళ్లు కుర్చీ వదిలేసి దిబ్బ మీదికి పరుగు తీశారు. నక్క మెట్టు మెట్టుకీ తగులుకుంటూ కిందికి దొర్లింది.

"ఒరే, నన్నూ తీసుకెళ్లండ్రా! చచ్చిపోతాన్రా!"

ఎవరూ రాలేదు. కాళ్లు కదలక గిలగిల్లాడి, ఇక నీళ్లు వచ్చేస్తాయని కళ్లు మూసుకుంది.

తాబేలు తాత నింపాదిగా వచ్చాడు. "నీళ్లు రాలేదులే. తీతువుని నేనే అరవమన్నా. ఎలా ఉంది అల్లుడూ మెట్ల కింద?"

శాలువా విప్పగానే నక్క కుంటుకుంటూ కోతుల దగ్గరికెళ్లి, "మెట్లు పీకండి," అంది.

నాలుగు రోజులు ఆకాశం వైపు చూసుకుంటూనే వాలు కట్టారు, పక్కన ఆనుకోడానికి అడ్డకర్రలు పెట్టారు. పని ముగిసిన సాయంత్రమే తీతువు మళ్లీ అరిచింది, ఈసారి ఎవరూ చెప్పకుండానే. అందరూ ఉరికారు. దుప్పి ఎవర్నీ అడక్కుండా, అడ్డకర్రలకి ఒళ్లు ఆనించుకుంటూ పైకి నడిచింది. దాని వెనకే వాచిన కాలితో నక్క.

"కాస్త త్వరగా పిన్నీ, నీళ్లు!"

"కంగారుపడకు నాయనా," అంది దుప్పి, "ఈ వాలు మనిద్దరికీ సరిపోతుంది."

నీతి: ఎవరో మోస్తే తప్ప ఎక్కలేని దారి, ఆపద వేళకి దారే కాదు.