రెండున్నర మంది ఇల్లు

ఒరేయ్ అందరూ వినండి, అమ్మమ్మకి కూడా ఎవరైనా చదివి వినిపించండి. నవ్వి నవ్వి పొట్ట నొప్పొస్తే నన్నడగొద్దు.

చింతలగుంటలో 'తెలివోళ్ళ ఇల్లు' అని ఒకటుంది. ఊరు పెట్టిన పేరు కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. గోడ మీద పెయింటుతో రాయించారు కూడా. పెద్దోడు ఓబులేసుకి నలభై నాలుగు, నడిపోడు చెంచయ్యకి నలభై, చిన్నోడు తిరపాలుకి ఇరవై తొమ్మిది. వాళ్ళమ్మ ఆదెమ్మకి అరవై ఆరు. పెద్దోళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. వీళ్ళకి పిల్లనిచ్చేంత తెలివి చుట్టుపక్కల ఎవరికీ లేదంట.

వాళ్ళ తెలివి ఎట్టాంటిదంటే, పోయినేడు వానొస్తదని కళ్ళంలో మిరపకాయల మీద పట్టా కప్పారు. వాన రాలా. "కప్పిన పట్టా దండగైపోదా?" అన్నాడు ఓబులేసు. అంతే. నలభై బక్కెట్ల నీళ్ళు తోడి దాని మీద పోశారు. పట్టా దండగ కాలేదని ఒకటే చంకలు గుద్దుకోవడం.

ఈ ఏడు సీన్ సీరియస్. మూడెకరాల మిరప ఎర్రగా పండిపోయింది. కోయడానికి కూలోళ్ళు లేరు. కుర్రాళ్ళంతా ఒంగోలు పోయినోళ్ళు ఒంగోల్లో, హైదరాబాద్ పోయినోళ్ళు హైదరాబాద్‌లో. పైగా శుక్రవారం నుంచి వానలంట. అదే శుక్రవారం బొమ్మలపాడు పేరయ్య వస్తానన్నాడు. "కళ్ళంలో కాయలు కనిపిస్తేనే మా అమ్మాయి మల్లీశ్వరిని తిరపాలుకి ఇస్తా. పనిచేసే ఇల్లో కాదో నాకు తెలియాల" అన్నాడు. తిరపాలుకి ఆ పిల్లంటే ప్రాణం. పాపం ముద్ద దిగట్లేదు.

సోమవారం సర్వే మేడం వచ్చింది. దగ్గర్లో కారం మిల్లు పెడతారంట, ఈ పక్క పనోళ్ళు ఎంతమందున్నారో లెక్క కావాలంట. అంతా రాసుకుని, "పని బోలెడుంది, మనుషుల్లేరండీ. మీ ఊళ్ళో సగటున ఇంటికి రెండున్నర మందే పనిచేస్తున్నారు. వాళ్ళ వయసు కూడా సగటున నలభై ఎనిమిది" అంది.

"మా ఇంట్లో ముగ్గురం చేస్తున్నాం మేడం!" అన్నాడు ఓబులేసు.

"ఉండొచ్చు ఓబులేసు గారూ. ఊరంతా కలిపి పంచితే ఇంటికి రెండున్నర" అని ఆవిడ బండెక్కి వెళ్ళిపోయింది.

ఇంకేముంది. ముగ్గురూ అరుగు మీద కూలబడ్డారు.

"రేయ్, మనింట్లో అర మనిషి ఎక్కువున్నాడు. మన ముగ్గుర్లో ఒకడు సగమే. ఎవడ్రా వాడు?" అన్నాడు ఓబులేసు.

"రాత్రి అన్నం సగం తిన్నోడే సగం మనిషి" అన్నాడు చెంచయ్య.

రాత్రి సగం తిన్నది ఎవడు? పెళ్ళి బెంగతో ఉన్న తిరపాలు. అంతే. వాడి ఎడం చెయ్యి తువ్వాలుతో వెనక్కి కట్టేశారు. మంగళవారం వాడు ఒంటిచేత్తో కోశాడు. ప్రతి చెట్టుకీ ఒక పక్కే కోశాడు, రెండో పక్క ఎవడిదో వాడికి తెలీదుగా. సాలు మధ్యకొచ్చి ఆగిపోయాడు. సగం గంపతో ఇంటికొచ్చి, "అన్నా, సగం దాహమేస్తంది" అన్నాడు. సగం చెంబు ఇచ్చారు.

బుధవారం ఇంకా ఘోరం. ఆదెమ్మకి వయసు సంగతి గుర్తొచ్చింది.

"ఒరే, పనిచేసేవాళ్ళకి నలభై ఎనిమిదేళ్ళని చెప్పింది కదరా ఆ సర్వే పిల్ల. మీకింకా పనిచేసే వయసే రాలేదే! ఇన్నాళ్ళూ నా బిడ్డల్ని పసితనంలోనే చేలోకి తోలానే!" అని ఒకటే ఏడుపు.

"ఏడవబాకమ్మా. నాకు తక్కువైంది నాలుగేళ్ళేగా" అని ఓబులేసు పోయి నాలుగేళ్ళ బర్రెని విప్పుకొచ్చి, దాని పలుపు తన నడుముకి కట్టుకున్నాడు. "నలభై నాలుగూ నాలుగూ నలభై ఎనిమిది!"

చెంచయ్యకి ఎనిమిది తక్కువ. ఇల్లంతా వెతికితే ఎనిమిదేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న టీవీ దొరికింది. వీపుకి కట్టుకున్నాడు. పాత మోడల్, డబ్బా టీవీ. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. రోడ్డు మీద పోయేవాళ్ళు "ఏం చెంచయ్యా, ఏం సినిమా వస్తంది?" అనడిగితే, "కరెంటు లేదన్నా" అంటాడు పాపం.

బర్రె ఊరుకుంటదా? పచ్చగా కనబడ్డ కొమ్మనల్లా నమిలింది. నమిలాక నోరు మండి చెరువు దిక్కు పరుగు. దాంతోపాటే ఓబులేసు, మధ్యలో ఉన్న పది సాళ్ళ మీదగా! ఉన్న కాయలు కూడా తొక్కుడే తొక్కుడు.

"మరి నా వయసు సంగతేందన్నా?" అన్నాడు తిరపాలు.

చెంచయ్య వేళ్ళు మడిచాడు. "మనిషికి నలభై ఎనిమిదైతే సగం మనిషికి ఇరవై నాలుగు. నీకు ఇరవై తొమ్మిది. ఐదేళ్ళు దాటిపోయావురా నువ్వు! నీకు రిటైర్మెంటు!"

"నేను కోయకపోతే మల్లీశ్వరి రాదన్నా!"

"రూలు రూలేరా."

గురువారం పొద్దున్నే ఆకాశం నల్లబడింది. చేలో కోయాల్సిన కాయలు కోయాల్సినట్టే ఉన్నాయి. వీళ్ళేమో గట్టు మీద కుర్చీ వేసి, తిరపాలుకి శాలువా కప్పి, బంతిపూల దండేసి సన్మానం చేస్తున్నారు. ఓబులేసు బర్రెతో సహా నిలబడి స్పీచ్ ఇస్తున్నాడు. "మా తమ్ముడు ఇంతకాలం మచ్చ లేకుండా కాయలు కోశాడు..." తిరపాలేమో వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

మబ్బులు చూసి పేరయ్య ఒకరోజు ముందే దిగాడు.

"ఏందిది?"

"రిటైర్మెంటు మామా."

"ఎవరికి?"

"పెళ్ళికొడుక్కి."

పేరయ్య దండ చూశాడు, కట్టేసిన చెయ్యి చూశాడు, టీవీ చూశాడు, బర్రెని చూశాడు. బర్రె ఆయన్ని చూసింది. సంగతంతా చెప్పించుకున్నాడు. చెప్పు తీయబోయి, నల్లగా కమ్ముకొస్తున్న మబ్బు చూసి ఆగిపోయాడు. రైతు కదా, మంచి కాయ తడిసిపోతుంటే ప్రాణం ఒప్పదు.

"అక్కా, నీకెన్నేళ్ళు?" అన్నాడు ఆదెమ్మతో.

"అరవై ఆరు తమ్ముడూ."

"నీ దగ్గర పద్దెనిమిదేళ్ళు ఎక్కువున్నాయి. పెద్దోడికి నాలుగు, నడిపోడికి ఎనిమిది ఇచ్చెయ్. బర్రెకీ టీవీకీ సెలవు. ఇంక రిటైరైన పెద్దమనిషీ! పనోళ్ళు దొరక్క రిటైరైనోళ్ళని మళ్ళీ పన్లోకి పిలుస్తున్నారు. లే పైకి! ఆ చెయ్యి విప్పు!"

అందరి మొహాలూ వెలిగిపోయాయి. "మనకంటే తెలివోడు దొరికాడ్రా!" అన్నాడు ఓబులేసు. ఆదెమ్మ పన్నెండేళ్ళు ఇచ్చేసి, "యాభై నాలుక్కి వచ్చేశా, మోకాళ్ళ నొప్పులే లేవు!" అని గంపెత్తుకుని అందరికంటే ముందు చేలో దిగింది. పేరయ్య పంచె ఎగ్గట్టాడు. మల్లీశ్వరికి ఫోన్ చేస్తే ఇద్దరు పిన్నమ్మల్నేసుకుని ఆటోలో దిగింది. తిరపాలుని చూడాలి, రెండు చేతుల్తో మిషన్‌లా కోశాడు. శుక్రవారం చినుకు పడే వేళకి కాయంతా కళ్ళంలో, పట్టా కింద. ఈసారి పైన నీళ్ళు వాన పోసింది.

పిల్లోడు కష్టపడతాడని పేరయ్యకి నమ్మకం కుదిరింది. తెలివోళ్ళ ఇంటి ముందే పందిరేసి పెళ్ళి చేశారు. అంతా సూపర్. చివర్లో అప్పగింతలు. పేరయ్య కళ్ళు తుడుచుకుంటా కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు మామా" అన్నాడు ఓబులేసు. "ఏమ్మా మల్లీశ్వరీ, నీకెన్నేళ్ళు?"

"ఇరవై నాలుగు బావగారూ."

ఓబులేసు లెక్క వేశాడు. చెంచయ్య మళ్ళీ వేశాడు. ఆదెమ్మ తలూపింది.

"కరెక్టుగా సగం మనిషి! నేనూ, చెంచయ్యా, నువ్వూ. రెండున్నర సరిపోయింది. ఇంక మాకు తిరపాలు ఎక్కువ. మామా, నీ ఇంట్లో మనిషి తగ్గిందిగా?"

అంతే. తిరపాలు చెయ్యి తీసుకెళ్ళి పేరయ్య చేతిలో పెట్టాడు. "సుకుమారంగా పెంచాం మామా. ఏదన్నా తప్పు చేస్తే నీ బిడ్డే అనుకో" అని బావురుమన్నాడు. ఆదెమ్మ కొడుక్కి ఒడి నిండా పసుపూ కుంకుమా గాజులూ పోసింది. పేరయ్య నోరు తెరిచేలోపే చెంచయ్య పెళ్ళికొడుకుని ట్రాక్టర్ ఎక్కించాడు. బాజాలోళ్ళు ఏడుపు పాట అందుకున్నారు. ట్రాక్టర్ కదిలింది. వెనక ట్రక్కులోంచి తిరపాలు చేతులు చాపి "మల్లీశ్వరీ!" అని ఏడుస్తా పోతున్నాడు.

అత్తారింటి గుమ్మంలో నిలబడి మల్లీశ్వరి మొగుడికి టాటా చెప్పింది.