కంచరి పక్కిల్లు

దుర్గపురం కోటకు పైడన్న రాత్రి కాపలాదారు. అందుకని పగటి నిద్రంటే అతనికి ప్రాణం. అతని పై అధికారి దళవాయి, తన పాత ఇల్లొకటి అతనికి అంటగట్టాలని చూశాడు. పక్కిల్లు బిందెలు సాగగొట్టే కంచరి వీరాచారిది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

"మూరెడు మందం గోడరా! అవతల ఏనుగు ఘీంకరించినా ఇవతలికి వినపడదు," అన్నాడు దళవాయి, ఇల్లు చూపిస్తూ.

నిజంగానే సుత్తి చప్పుడు లేదు. పైడన్నకు అదే అనుమానం. కానీ కాదంటే దొరకు కోపం వస్తుంది. అతను గోడ పక్కన నిలబడి మామూలు గొంతుతో, "ఇల్లు బాగుందండి. ఈ వీరాచారి బిందెలే నెల తిరక్కుండా కారిపోతాయట," అన్నాడు.

"ఎవడ్రా ఆ కూత కూసింది?" గోడ అవతల నుంచి కేక వచ్చింది.

"నోర్ముయ్! మధ్యాహ్నం దాకా చప్పుడు చెయ్యొద్దన్నానా?" దళవాయి గోడకేసి అరిచాడు.

"పొద్దున్నుంచి సుత్తి ముట్టలేదు కదండీ దొరా!"

పైడన్న చేతులు కట్టుకున్నాడు. "తమరు కొనమంటే కొంటానండి. ఇక్కడ పగలు పట్టని నిద్ర, రాత్రి కోట గుమ్మంలో పడుతుంది. అంతే."

దళవాయి తాళంచెవి మళ్లీ బొడ్డులో దోపుకున్నాడు.