టెంక ముదిరిన రోజు

మామిడి కొత్త పండగ ఇంకా రాలేదు. ఎవరో పండు తిన్నారు. తిన్నది ఊళ్లోకెల్లా పెద్దావిడ చెల్లాయమ్మ కావడంతో జోగిరెడ్డికి పెద్ద చిక్కు వచ్చిపడింది.

గోదావరి పక్క కొండల్లో ఆ కొండరెడ్ల ఊరికి పూజారి భూమిరెడ్డి. జోగి ఆయన శిష్యుడు. టెంక ముదిరి, పండగ రోజు పూజారి మొదటి పండు తినేదాకా ఊళ్లో ఎవరూ మామిడి ముట్టకూడదు. కట్టు తప్పినవాళ్లకి ఆ ఏడు పండగకి డోలు మీద ఆడే ఆటలో చోటు లేదు. పచ్చికాయలకి బేరమాడిన షావుకారిని ఈసారి జోగి గట్టిగా నిలబడి వెనక్కి పంపాడు. పండగ ఏ రోజో నిర్ణయించే పని కూడా గురువు అతనికే అప్పగించాడు. దాంతో జోగి ఈమధ్య మీసం తిప్పడం కూడా నేర్చుకున్నాడు.

జోగి చెల్లాయమ్మని గురువు ముందుకు తీసుకొచ్చాడు.

"తిన్నావా?" అన్నాడు భూమిరెడ్డి.

"తిన్నాను. రాలి పడుంది. ఆ వాసనకి కాళ్లు కదల్లేదు." గడ్డం మీద రసం ఇంకా ఆరలేదు.

"తాతా, మామ్మని ఆటలోకి రానిస్తే రేపు ఆ షావుకారిని ఏ మొహం పెట్టుకుని ఆపను?" అన్నాడు జోగి.

మాటలో న్యాయం ఉంది. "రానివ్వొద్దులే బాబూ," అంది చెల్లాయమ్మ. అంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనభై దాటిన మనిషి. మళ్లీ ఏడాదికి ఉంటుందో లేదో.

భూమిరెడ్డి చెయ్యి చాపాడు. "టెంక ఏదీ?"

కొంగుముడి విప్పి ఇచ్చింది. ఆయన కత్తి తీసి టెంక మీద నొక్కాడు. జారిపోయింది. రెండూ జోగి చేతిలో పెట్టాడు. జోగి బలమంతా పెట్టి నొక్కాడు. గీత పడింది, అంతే.

"పండగ ఎప్పుడు పెట్టావు?"

"వచ్చే ఆదివారం. పట్నం నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆ రోజైతే వీలు."

భూమిరెడ్డి కొండవాలుకేసి నడిచాడు. ఇద్దరూ వెంట వెళ్లారు. కిందటేడు వానలకి మట్టి జారి బోడిగా మిగిలిన వాలు అది. ఈసారి పండగలో తిన్న టెంకలన్నీ అక్కడే పాతాలని ఊరంతా అనుకున్నారు. తొలి వాన పడి నేల మెత్తగా ఉంది. వాలు అంచున చెట్ల కింద పళ్లు రాలి ఉన్నాయి. కోతులు చీకి పారేసిన టెంకలు రాళ్ల మీద ఎండి చిట్లాయి. జోగి ఒకటి విప్పి చూశాడు. లోపల జీడి వడిలిపోయింది. ఇంకొకటి విప్పాడు. అదీ అంతే. ఆదివారం దాకా ఆగితే పాతడానికి మొలిచే టెంక మిగలదు.

భూమిరెడ్డి వంగి ఒక పండు ఏరుకున్నాడు. కొండకి చూపించి దణ్ణం పెట్టి, నోట పెట్టుకున్నాడు.

జోగి నిలబడిపోయాడు. పూజారి తిన్నాడంటే పండగ మొదలైనట్టే.

"తాతా, మరి మామ్మ తప్పు?"

ఆయన టెంక చప్పరించాడు. "ఉంది. నాకన్నా ముందు తింది."

చెల్లాయమ్మ ఫక్కున నవ్వింది. జోగికీ నవ్వాగలేదు. అలా నవ్వుతూనే ఊళ్లోకి పరిగెత్తి డోలు అందుకున్నాడు.

జనం గంపలతో వాలుకి కదిలారు. తిన్నవాళ్లు తిన్నచోటే గొయ్యి తీసి టెంక పాతారు. పొద్దు వాలేసరికి వాలంతా నిండింది. ఆడవాళ్లు చేతులు కలిపి ఆటకి దిగారు. వరస ముందు చెల్లాయమ్మ.

డోలు మోతలో జోగి గురువు చెవి దగ్గరికి వంగాడు. "ఆదివారం వచ్చేవాళ్లకి ఏం చెప్పను తాతా?"

"మొలకెత్తాక రమ్మను."