గాలి వాటా

వెనకటికో జమీందారు, గాలి తన కొండ మీంచే వస్తుందంటూ, వడ్లు తూర్పారబట్టిన ప్రతి రైతు దగ్గరా గాలి వాటా కింద గంపెడు వడ్లు లాక్కునేవాడు. ఓ ఏడు గాలి స్తంభించింది. మబ్బు పడుతోంది. వడ్రంగి కనకాచారి చేత్తో తిప్పే రెక్కల చక్రం చేశాడు. మొదట అది పొట్టుతోపాటు గింజల్నీ ఎగరగొట్టింది. రెక్కలు చెక్కి చెక్కి కుదిర్చాడు. వానకు ముందే ఊరి వడ్లన్నీ ఇల్లు చేరాయి.

జమీందారు దిగాడు. "చేత్తో తిప్పినా గాలి గాలే. వాటా తియ్యండి."

రైతుల్లో ఒకరైన నాగరత్తమ్మ చూపు ఆచారి బొబ్బలెక్కిన చేతుల మీద పడింది. "గాలి ఎవరిదైతే వాటా వాళ్లదే కదా దొరా?"

"అంతే మరి."

"మీ గాలి ఈ ఏడు రాలేదు. వచ్చింది ఆచారి గాలి," అంటూ ఆమె గంపెత్తుకెళ్లి ఆచారి గుమ్మంలో దించింది. వెనకే ఊరంతా గంపలతో కదిలింది.

ఆచారి వద్దనబోయాడు.

"ఉంచయ్యా," అంది నాగరత్తమ్మ. "నువ్వు లేకపోతే ఇవి కళ్లంలోనే మొలకెత్తేవి."